ఆటిజంలో భాషా ప్రాంతాల మధ్య కనెక్షన్లు నిజంగానే తక్కువా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. బాబుకి నాలుగేళ్లు, ఆటిజం అని నిర్ధారించారు, మాటలు ఇంకా రాలేదు. ఆటిజం ఉన్నవాళ్ల మెదడులో భాషకు సంబంధించిన భాగాల మధ్య కనెక్షన్లు బలహీనంగా ఉంటాయని ఎక్కడో చదివారు. మరి ఎమ్మారై నార్మల్ అని ఎందుకొచ్చింది, ఆ కనెక్షన్లు చూపించే స్కాన్ వేరే ఉందా, థెరపీతో అవి ఏర్పడతాయా అని అడుగుతున్నారు. నేను చాలా ఏళ్లుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. కొంతకాలం మెదడు స్కాన్ల మీద పనిచేసే పరిశోధకుల దగ్గర పిల్లల భాషాస్థాయి అంచనా వేసే పనీ చేశాను. ఆ రెండు వైపుల నుంచీ తెలిసింది చెబుతాను. జవాబు పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మీరు చదివింది అబద్ధమేం కాదు. కాకపోతే అది ఇరవై ఏళ్ల కిందటి ముతక లెక్క. ఎవరిలో, ఏ వయసులో, ఏం చేస్తున్నప్పుడు, ఏ రెండు భాగాల మధ్య అని అడగకుండా కనెక్షన్లు తక్కువనో ఎక్కువనో అనడానికి వీల్లేదని ఆ తర్వాత వచ్చిన పరిశోధనంతా చూపిస్తోంది.

ముందు ఎమ్మారై సంగతి. ఆసుపత్రిలో తీసే మామూలు ఎమ్మారై మెదడు ఆకారాన్ని చూపిస్తుంది. గడ్డలు, రక్తస్రావం, పుట్టుకతో వచ్చిన నిర్మాణ లోపాలు ఉన్నాయేమో చూడటానికి తీస్తారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి అది నార్మల్‌గానే వస్తుంది. పరిశోధకులు కనెక్షన్ అన్నప్పుడు కొలిచేది వేరు, అదీ ఒక్కటి కాదు. డిఫ్యూజన్ ఎమ్మారైలో మెదడులోని నీటి అణువులు ఏ దిశలో సులువుగా కదులుతున్నాయో చూసి, నాడీ తంతువుల కట్టలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో అంచనా కడతారు. ఫంక్షనల్ ఎమ్మారైలో రక్తంలోని ఆక్సిజన్ హెచ్చుతగ్గులను బట్టి, రెండు భాగాల్లో చురుకుదనం ఒకేసారి పెరిగి ఒకేసారి తగ్గుతోందా అని లెక్క వేస్తారు. మొదటిది రెండు ఊళ్ల మధ్య రోడ్డు ఉందా అని చూడటం, రెండోది ఆ రెండు ఊళ్లలో రద్దీ ఒకే వేళకి పెరుగుతోందా అని చూడటం. రద్దీ వేళలు కలవనంత మాత్రాన రోడ్డు లేదనుకోకూడదు కదా. వార్తల్లో ఈ రెండూ కలగాపులగం అయిపోతాయి.

ఇక భాషా ప్రాంతాలు. 1861లో పాల్ బ్రోకా, 1874లో కార్ల్ వెర్నికీ ఎడమ మెదడులో రెండు చోట్లను గుర్తించారు. ముందు భాగంలోది మాట పలకడానికి, చెవి వెనక వైపున్నది మాట అర్థం చేసుకోవడానికి అని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాశారు. రెంటినీ విల్లులా వంగి కలిపే తంతువుల కట్టను ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ అంటారు. ఇప్పటి అవగాహన ఇంతకంటే విస్తృతమైంది. విన్న శబ్దాన్ని నోటి కదలికలతో జతచేసే దారి ఒకటి, విన్నదాన్ని అర్థంతో జతచేసే దారి ఇంకొకటి ఉంటాయి. వీటికి తోడు చిన్నమెదడు, మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగం కూడా పాలుపంచుకుంటాయి. మీ బాబు విషయంలో ఈ రెండు దారుల తేడా ముఖ్యం, కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

"కనెక్షన్లు తక్కువ" అనే మాటకు బలమొచ్చింది 2004లో. అమెరికాలో మార్సెల్ జస్ట్ బృందం ఆటిజం ఉన్న 17 మందినీ, లేని 17 మందినీ స్కానర్లో పడుకోబెట్టి వాక్యాలు చదివించింది. ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పే చిన్న వాక్యాలు, వాటి మీద ప్రశ్నలు. ఆటిజం ఉన్నవాళ్లలో వెర్నికీ ప్రాంతం ఎక్కువ చురుగ్గా, బ్రోకా ప్రాంతం తక్కువ చురుగ్గా కనిపించాయి. భాగాల మధ్య సమన్వయం కూడా తక్కువగా ఉంది. 2006లో రాజేష్ కాన మొదలైనవాళ్లు అదే దారిలో ఇంకొక సంగతి చూపించారు. మనసులో బొమ్మ కట్టక్కర్లేని వాక్యాలు చదివేటప్పుడు కూడా ఆటిజం ఉన్నవాళ్లు దృశ్యానికి సంబంధించిన భాగాలను వాడుతున్నారని. నాకు ఈ రెండోదే ఎక్కువ ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఇందులో లోపం కంటే వేరే దారి పట్టడం కనిపిస్తుంది. పైగా రెండు అధ్యయనాల్లోనూ పాల్గొన్నది మాటలూ చదువూ వచ్చినవాళ్లు. వాళ్ల స్కాన్ల నుంచి మాటలు రాని నాలుగేళ్ల పిల్లవాడి గురించి తీర్మానం చేయలేం.

తర్వాత ఒక పెద్ద ఇబ్బంది బయటపడింది, దాని గురించి బయట ఎవరూ పెద్దగా చెప్పరు. స్కానర్లో తల కదిలితే కొలత చెడుతుందని అందరికీ తెలుసు. అయితే ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ కదలిక కూడా కొలతను ఒక పద్ధతి ప్రకారం వంచుతుందని 2012లో వేర్వేరు బృందాలు చూపించాయి. దూరంగా ఉన్న భాగాల మధ్య సమన్వయం ఉన్నదానికంటే తక్కువగా, దగ్గరి భాగాల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. అప్పటికి ఆటిజం గురించి బాగా ప్రచారంలో ఉన్న సిద్ధాంతం కూడా సరిగ్గా అదే, దూరపు కనెక్షన్లు తక్కువ, దగ్గరివి ఎక్కువ అని. ఆటిజం ఉన్న పిల్లలు స్కానర్ శబ్దానికి ఇబ్బందిపడి కాస్త ఎక్కువ కదులుతారు. అంటే కనిపించిన తేడాలో కొంత మెదడుది కాదు, మెడది. 2014లో కామి కోల్డివిన్ బృందం డిఫ్యూజన్ ఎమ్మారైతో పిల్లలను పరీక్షించి, రెండు గుంపుల్లోనూ తల కదలిక సమానంగా ఉండేలా చూసుకుంది. అంతకుముందు విస్తారంగా కనిపించిన తేడాలు దాదాపు మాయమై, కుడివైపు ఒక్క కట్టలో మాత్రం మిగిలాయి. ఆ తర్వాతి నుంచి ఈ రంగంలో ఏ పత్రం చూసినా నేను ముందు వెతికేది తల కదలికను ఎలా సరిచేశారనే. దానికి ముందు వచ్చిన పత్రాలన్నీ చెత్త అనడం లేదు, కానీ వాటిని ఒక మెట్టు దించి చదవాలి.

వయసు ఇంకొక చిక్కు. ఆటిజం ఉన్న పిల్లల తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పుట్టిన కొన్ని నెలల నుంచే గమనిస్తూ వచ్చిన అధ్యయనం ఒకటి 2012లో వెలువడింది. తర్వాత ఆటిజం లక్షణాలు కనిపించిన పిల్లల్లో ఆరు నెలలప్పుడు డిఫ్యూజన్ ఎమ్మారైలో తంతువుల కట్టల కొలత మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉంది. ఆ తర్వాత ఎదుగుదల నెమ్మదించి, రెండేళ్లు వచ్చేసరికి తక్కువైంది. అంటే అదే బిడ్డ ఒక వయసులో "ఎక్కువ", ఇంకొక వయసులో "తక్కువ". ఫంక్షనల్ ఎమ్మారైలోనూ ఇలాంటిదే. 2013లో కౌస్తుబ్ సూపేకర్, వినోద్ మేనన్ బృందం బడి వయసు పిల్లల్లో కనెక్షన్లు మామూలుకంటే ఎక్కువగా ఉన్నాయని చెప్పింది. పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనాలు ఎక్కువగా తక్కువనే చెప్పాయి. 2014లో వెయ్యికి పైగా స్కాన్లున్న అబైడ్ అనే ఉమ్మడి సంకలనాన్ని చూస్తే రెండు రకాల తేడాలూ దొరికాయి, తగ్గుదలవి ఎక్కువ.

నా దృష్టిలో ఈ మొత్తం కథలో కీలకమైన మలుపు 2015లో అవిటల్ హహామీ, మార్లీన్ బెర్మన్, రఫీ మలాక్ రాసిన పత్రం. సగటు చూడటం మాని ఒక్కొక్కరి కనెక్షన్ల నమూనానీ విడిగా చూశారు. ఆటిజం లేనివాళ్ల నమూనాలు ఒకదానికొకటి బాగా పోలి ఉన్నాయి. ఆటిజం ఉన్నవాళ్లవి ఒకరితో ఒకరికి పోలిక తక్కువ, ఎవరి దారి వారిది. ఇలాంటి గుంపులో సగటు తీస్తే తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని "తక్కువ" అన్న ముద్ర మిగిలే అవకాశం ఉంది. ముందు వచ్చిన పత్రాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి ఇది ఒక కారణమని నేను నమ్ముతాను.

ఇంత గందరగోళంలోనూ కాస్త నిలకడగా మళ్లీ మళ్లీ కనిపించే సంగతి ఒకటుంది, ఎడమా కుడీ మధ్య పంపకం. కుడిచేతివాటం వాళ్లలో నూటికి తొంభైకి పైగా మందికి భాష ప్రధానంగా ఎడమ మెదడులో నడుస్తుంది. ఆటిజంలో ఈ ఎడమ మొగ్గు తగ్గుతుంది. 2012లో లీసా ఐలర్, ఎరిక్ కూర్షెన్ బృందం నిద్రపోతున్న పసిపిల్లలకు కథ వినిపించి స్కాన్ తీసింది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎడమ చెవి పక్కనుండే టెంపోరల్ భాగం స్పందన తక్కువ, కుడివైపు మొగ్గు ఎక్కువ. నిద్రలో తీశారు కాబట్టి తల కదలిక గొడవ కూడా తక్కువ. 2020లో ఎవెలీనా ఫెడొరెంకో ప్రయోగశాల పెద్దవాళ్లలో ఒక్కొక్కరి భాషా ప్రాంతాలనూ విడివిడిగా గుర్తించి కొలిచినప్పుడు కూడా ఎడమ మొగ్గు తక్కువగానే వచ్చింది. ఎడమవైపు మందగించి కాదు, కుడివైపు కూడా బాగా పాల్గొనడం వల్ల. కుడి మెదడు భాషలో పాల్గొనడం దానంతటది జబ్బేమీ కాదు. ఆటిజం లేనివాళ్లలోనూ కొందరికి అలాగే ఉంటుంది, వాళ్లు ఇబ్బంది లేకుండా మాట్లాడుతున్నారు.

ఇక్కడే జాగ్రత్తగా చదవాల్సిన మాట ఒకటుంది. ఈ కుడి ఎడమల తేడాలు ఆటిజం వల్లా, లేక భాష ఆలస్యం వల్లా? 2004లో వచ్చిన ఒక అధ్యయనం ఆటిజం ఉండి భాషా ఇబ్బంది ఉన్న అబ్బాయిలను, ఆటిజం ఉన్నా భాష బాగా వచ్చినవాళ్లను, ఆటిజం లేకుండా భాషా ఇబ్బంది మాత్రమే ఉన్నవాళ్లను పక్కపక్కన పెట్టి చూసింది. బ్రోకా ప్రాంతంలో కుడి ఎడమలు తారుమారైంది భాషా ఇబ్బంది ఉన్నవాళ్లలోనే, ఆటిజం ఉన్నా లేకపోయినా. 2015లో మైకేల్ లొంబార్డో బృందం పసిపిల్లల్లో ఇంకా స్పష్టంగా చూపించింది. ఆటిజం ఉండి తర్వాత మాటలు బాగా వచ్చిన పిల్లల మెదడు మాటకు దాదాపు మామూలుగానే స్పందించింది. మాటలు సరిగా రాని పిల్లల్లో ఆ స్పందన బలహీనంగా ఉంది. రోగ నిర్ధారణ కాగితం మీద మాత్రం ఇద్దరికీ ఒకే పేరు. 2013లో వచ్చిన డీఎస్ఎం 5లో, అంటే డాక్టర్లు ఆటిజం లాంటివి నిర్ధారించడానికి వాడే అమెరికా పుస్తకంలో, భాష ఆలస్యాన్ని ఆటిజం ప్రధాన లక్షణాల్లోంచి తీసేసి, విడిగా నమోదు చేయమన్నారు. అది సరైన పనే అని నా అభిప్రాయం.

భాషా ప్రాంతాల మధ్యే కాదు, వాటికీ మిగతా మెదడుకీ మధ్య ఉన్న సంబంధమూ చూడాలి. 2013లో డేనియల్ ఏబ్రమ్స్ బృందం, మనిషి గొంతును పసిగట్టే ప్రాంతానికీ సంతోషాన్ని, ప్రేరణను నడిపే వ్యవస్థకూ మధ్య సమన్వయం ఆటిజం ఉన్న పిల్లల్లో తక్కువగా ఉందని చెప్పింది. ఎవరిలో ఎంత తక్కువ ఉందో దానికీ సంభాషణలో ఇబ్బందికీ సంబంధం కనిపించింది. దీన్ని పట్టుకుని బిడ్డకు అమ్మ గొంతంటే ఇష్టం లేదని రాసేవాళ్లున్నారు. దయచేసి అలాంటివి చదివి కుమిలిపోకండి. గొంతు మీద ఆసక్తి తగ్గి భాష తగ్గిందో, మాటలు చిక్కుగా తోచడం వల్ల ఆసక్తి తగ్గిందో ఒక్క స్కాన్ చెప్పలేదు. శబ్దం మెదడుకు చేరే వేళలో కూడా తేడా ఉంది. మెదడు అయస్కాంత తరంగాలను కొలిచే ఎంఈజీ పరీక్షల్లో, ఫిలడెల్ఫియాలో తిమోతీ రాబర్ట్స్ బృందం, ఆటిజం ఉన్న పిల్లల్లో ధ్వనికి వచ్చే తొలి స్పందన సగటున ఓ పది మిల్లీసెకన్లు ఆలస్యమవుతోందని 2010లో చూపించింది. పది మిల్లీసెకన్లు వినడానికి ఏమంత కాదు. కానీ "ప"కీ "బ"కీ తేడా పట్టాల్సింది కూడా కొన్ని పదుల మిల్లీసెకన్ల వ్యవధిలోనే.

ఇప్పుడు మీ బాబు దగ్గరికి వద్దాం. మాట రాకపోవడం వేరు, భాష రాకపోవడం వేరు. నోటి కదలికలకు సంబంధించిన దారిలో ఇబ్బంది ఉండి, అర్థం తాలూకు దారి మెరుగ్గా ఉన్న పిల్లలను నేను చాలామందిని చూశాను. పలికేది సున్నా, అర్థమయ్యేది బోలెడు. అసలు మాటలు లేని ఆటిజం పిల్లల ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్‌ను 2012లో కేథరిన్ వాన్ బృందం పరిశీలించింది. చూసింది ఐదుగురినే, అందులో నలుగురికి ఆ కట్ట ఎడమకు బదులు కుడివైపు పెద్దదిగా ఉంది. ఐదుగురితో నియమాలు రాయలేం. అదే ఏడాది గ్రేస్ లై మొదలైనవాళ్లు మాటలు తక్కువ ఉన్న పిల్లలకు మాటలూ పాటలూ వినిపించి చూస్తే, మాటకు బలహీనంగా స్పందించిన ఎడమ ముందు భాగం పాటకు బాగా స్పందించింది. ముందు వెనక భాగాల మధ్య సమన్వయం కూడా పాట సమయంలో బాగానే ఉంది. దారి ఉంది, దానిమీద ఏది నడుస్తుందనేదే ప్రశ్న.

అందుకని పాటే మందు అనేసుకోకండి. 2018లో మేఘా శారద బృందం ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య ఉన్న 51 మంది పిల్లలతో కొన్ని వారాలు సంగీతం చేయించి, సంభాషణలో మెరుగుదలనూ, ధ్వని ప్రాంతాలకూ కదలిక ప్రాంతాలకూ మధ్య సమన్వయం పెరగడాన్నీ చూపించింది. అంతకు ముందు ఏడాది తొమ్మిది దేశాల్లో 364 మంది పిల్లలపై జరిగిన సంగీత చికిత్స పరీక్షలో మాత్రం ఆటిజం లక్షణాల తీవ్రతలో తేడా రాలేదు. పిల్లవాడికి పాట ఇష్టమైతే వాడుకోండి, డబ్బు పోసి అద్భుతం ఆశించకండి. చదివింది అర్థం చేసుకోవడంలో శిక్షణ ఇచ్చిన తర్వాత భాషా ప్రాంతాల మధ్య సమన్వయం పెరిగిందని చూపిన చిన్న అధ్యయనాలూ ఉన్నాయి. కాబట్టి థెరపీతో కనెక్షన్లు మారతాయా అంటే, మారతాయి. ఏది నేర్చుకున్నా మారతాయి. అయితే థెరపీ పనిచేస్తోందా లేదా అన్నది స్కాన్‌లో కాదు, బాబు అడగగలుగుతున్నాడా, వద్దనగలుగుతున్నాడా, మీరన్నది అందుకుంటున్నాడా అన్నదాంట్లో చూడాలి.

కనెక్షన్లు చూపించే స్కాన్ వేరే ఉందా అన్నదానికి సూటిగా చెబుతాను. ఒక్క పిల్లవాడి స్కాన్ చూసి మాటలు వస్తాయో రావో చెప్పగలిగే పరీక్ష ఆసుపత్రి వాడకంలో లేదు. పైన చెప్పినవన్నీ గుంపుల మధ్య సగటు తేడాలు. ఒక్కొక్కరి విలువలు చూస్తే ఆటిజం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ బాగా కలిసిపోతారు. మెదడు స్కాన్లను ప్రవర్తనతో నమ్మకంగా ముడిపెట్టాలంటే వేల సంఖ్యలో మనుషులు కావాలని 2022లో ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. "బ్రెయిన్ మ్యాపింగ్" పేరుతో రంగురంగుల బొమ్మలిచ్చి, ఎర్రగా ఉన్నచోట కనెక్షన్ లేదు, ఇన్ని సెషన్లలో సరిచేస్తాం అనేవాళ్లకు నమస్కారం పెట్టి వచ్చేయండి. స్టెమ్‌సెల్స్ ఎక్కిస్తామనేవాళ్ల దగ్గర ఇంకా త్వరగా.

మాటల భవిష్యత్తు గురించి ఏమైనా చెప్పగలిగితే అది స్కాన్లు కాదు, పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలే. 2013లో ఎరికా వోడ్కా బృందం, నాలుగేళ్లకు భాష బాగా వెనకబడిన 535 మంది ఆటిజం పిల్లల వివరాలు చూసింది. ఎనిమిదేళ్లకూ ఆ పైకీ వచ్చేసరికి 70 శాతం మంది రెండు మూడు మాటలు కలిపి మాట్లాడారు, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడారు. మిగిలిన 30 శాతం గురించి దాచి మాట్లాడను. వాళ్లకు మాట రాకపోయినా చెప్పుకునే సాధనం కావాలి. అందుకే బొమ్మల కార్డులు గానీ, ట్యాబ్‌లో నొక్కితే పలికే యాప్ గానీ ఇప్పుడే మొదలుపెట్టండి. వాటివల్ల మాటలు రావడం ఆగిపోతుందన్న భయానికి ఆధారం లేదు. అందుబాటులో ఉన్న అధ్యయనాల్లో మాట తగ్గలేదు, కొందరిలో కొద్దిగా పెరిగింది కూడా. అలాగే ఇంట్లో రెండు భాషలు ఉంటే ఒకటి మానేయమని ఎవరైనా చెబితే మానకండి. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు దానివల్ల అదనంగా వెనకబడినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. మీకు సహజంగా వచ్చే భాషలోనే వాడితో మాట్లాడండి.

మీరు మళ్లీ రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి. వినికిడి పరీక్ష, అంటే పిలిస్తే పలికాడా లేదా అని చూడటం కాదు, నిద్రలో తీసే చెవి నాడి పరీక్ష, జరిగిందా? బొమ్మలూ సైగలూ లేకుండా నోటిమాటతో మాత్రమే ఏదైనా తెమ్మంటే తెస్తాడా? ఇంతకుముందు వచ్చిన మాటలు ఏవైనా పోయాయా, పోతే ఏ వయసులో? మూడేళ్ల తర్వాత మాటలు పోయినా, ఉన్నట్టుండి చూపు నిలిపేయడం, నిద్రలో కుదుపులు లాంటివి ఉన్నా, థెరపీ సంగతి పక్కనపెట్టి ముందు పిల్లల నరాల డాక్టరుకు చూపించి, నిద్రలో తీసే ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష, అవసరమా అని అడగండి. ఎక్కువగా నిద్రలోనే బయటపడే ఒక రకం మూర్ఛ భాషను దెబ్బతీస్తుంది, దానికి చికిత్స ఉంది.